ఎడమ లేన్

యాన్ గదిలోకి రాగానే వెనక్కి తిరిగి తలుపు గొళ్ళెం పడిందో లేదో చూసుకుంది. తర్వాత ఫోన్ తీసి, ఆఫ్ చేసి, బల్ల మీద బోర్లా పెట్టింది. అప్పటికి గాని కుర్చీలో కూర్చోలేదు.

కెనడాలో బర్నబీ అనే ఊళ్ళో, కింగ్స్‌వే రోడ్డు మీద ఒక కిరాణా దుకాణం పై అంతస్తులో ఉంటుంది సుధామయి ఆఫీసు. కింద నుంచి ఎండుచేపల వాసన, మెట్ల మీద నుంచి తడిసిన గొడుగుల వాసన వస్తుంటాయి. లైసెన్సు ఉన్న ప్రైవేట్ డిటెక్టివ్ ఆమె. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. సహాయకుడు వీర్రాజు ఆమె కంటే ఇరవై ఏళ్ళు పెద్ద. గోదావరి జిల్లాలో నీటిపారుదల ఇంజినీరుగా రిటైరై, కూతురి దగ్గరికి వచ్చి, ఊరికే కూర్చోలేక ఈ పనిలో చేరాడు. కారు నడుపుతాడు, టీ పెడతాడు, సుధామయి ఏం చెప్పినా మొదట ఆశ్చర్యపోతాడు. యాన్ ఆయన పక్కింటి అమ్మాయి.

"భయపడకండమ్మా. సుధామయి గారితో చెప్పారంటే సగం పనైపోయినట్టే," అన్నాడు వీర్రాజు తన ఇంగ్లీషులో.

"మిగతా సగం కూడా చెప్పండి," అంది సుధామయి.

యాన్ చైనాలో పుట్టింది. తొమ్మిదేళ్ళుగా కెనడాలో ఉంటోంది. హెరాన్ రోడ్స్ అనే కంపెనీలో పని. డ్రైవర్ లేకుండా నడిచే ట్రక్కులకు రోడ్ల మ్యాపులు తయారు చేస్తుందా కంపెనీ. దానికి చైనాలో, తూర్పు తీరాన ఒక ఓడరేవు ఊళ్ళో చిన్న శాఖ ఉంది. యాన్ తమ్ముడు పెంగ్ అక్కడ ఇన్‌ఛార్జి. అక్కడి కార్లు రోడ్ల మీద తిరుగుతూ ఫోటోలు తీస్తాయి. ఆ ఫోటోలు చైనా దాటకూడదని అక్కడి చట్టం. బర్నబీలో ఉన్నవాళ్ళు వాటిని తెర మీద చూడవచ్చు, వాటి మీద గీతలు గీసి గుర్తులు పెట్టవచ్చు, కాపీ మాత్రం చేసుకోకూడదు.

"ఆ ఫోటోలు కొన్ని ఇంటర్నెట్‌లో ఎవరికైనా దొరికేచోట కనపడ్డాయి," అంది యాన్. "వాటిలో ఓడరేవుకు వెళ్ళే రోడ్డు ఉంది. ఆ రోడ్డు చివర నౌకాదళం వాళ్ళ యార్డ్ ఉంది. ఆదివారం అక్కడి అధికారులు పెంగ్‌ని పిలిచి తీసుకెళ్ళారు. ఇంతవరకూ ఇంటికి రాలేదు. ఎవరు బయటపెట్టారో కంపెనీ శుక్రవారం లోపల రాసివ్వకపోతే, దేశ రహస్యాలు విదేశీయులకు ఇచ్చాడని కేసు పెడతారట. ఆ కేసు పడితే..."

ఆమె ఆ మాట పూర్తి చేయలేదు. సుధామయి నోట్‌బుక్ తెరిచింది.

"కంపెనీ ఎవరి పేరు రాస్తుంది?"

"నా పేరు. నేను అడిగితే పెంగ్ ఇచ్చాడట. ఇక్కడి అధికారులు కూడా వచ్చారు. చైనా మనిషిని ఈ పనిలో ఎందుకు పెట్టుకున్నారని మా డైరెక్టర్ని అడిగారు. అక్కడివాళ్ళకు నేను కెనడా గూఢచారిని. ఇక్కడివాళ్ళకు చైనా గూఢచారిని." యాన్ బోర్లా ఉన్న ఫోన్ వైపు చూసింది. "నిన్న ఆఫీసు కిచెన్‌లో నా కప్పు షెల్ఫ్‌లో లేదు. ఎవరో తీసి చెత్తబుట్ట పక్కన నేల మీద పెట్టారు. పారెయ్యలేదు. పక్కన పెట్టారు."

"మీ టీమ్‌లో ఎవరెవరు?"

"నాతో కలిపి నలుగురం. మిగతా ముగ్గురూ మీ భాషవాళ్ళే. అందుకే మీ దగ్గరికి రావాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను."

సుధామయి తల ఊపింది. ఆ అనుమానం న్యాయమైనదే అనిపించింది ఆమెకు.

* * *

మర్నాడు వాన. వీర్రాజు కారు కుడి లేన్‌లో ఒక బస్సు వెనక మెల్లగా పోతోంది. బస్సు ఆగితే ఆగుతోంది, కదిలితే కదులుతోంది.

"బాబాయ్ గారూ, ఈ బస్సు వెనకే రిటైరవుతామా మనం?"

"నేను ఆల్రెడీ రిటైరయ్యానండి. తొందర మీకు." వీర్రాజు స్టీరింగ్‌ని రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఎడమ లేన్‌లోకి మాత్రం వెళ్ళనండి. ఓవర్‌టేక్ చేసేవాళ్ళ లేన్ అది. వచ్చిన కొత్తలో నాకంతా తిరగబడి కనపడేదండి. మన దగ్గర ఎడమ పక్కన పోతాం, కుడి నుంచి దాటేస్తాం. ఇక్కడ కుడి పక్కన పోవాలి, ఎడమ నుంచి దాటాలి. మూడు నెలలు చచ్చానండి. తర్వాత చెయ్యి దానంతట అదే నేర్చుకుంది. ఇప్పుడు ఇండియా వెళ్తేనే నాకు తికమక."

సుధామయి నవ్వింది.

హెరాన్ రోడ్స్ డైరెక్టర్ గ్రాంట్ హాలోవే వాళ్ళను నిలబెట్టే మాట్లాడాడు. యాన్ లాయర్ నుంచి ఉత్తరం రాకపోయి ఉంటే లోపలికే రానిచ్చేవాడు కాదని అతని మొహం చెబుతోంది.

"మాకు జవాబు తెలుసు. మీరు కాలం వృథా చేస్తున్నారు," అంటూ బయటపడిన ఫోటోల ప్రింట్లు బల్ల మీద పడేశాడు.

"ఇవి మీ కంప్యూటర్ల నుంచి ఎలా కాపీ అయ్యాయి?" అంది సుధామయి.

"కాలేదు. ఒక్క ఫైలు కూడా కదల్లేదని మా సిస్టమ్ చెబుతోంది. కాబట్టి అక్కడి నుంచే, ఆమె తమ్ముడి దగ్గర నుంచే వచ్చాయి."

సుధామయి ప్రింట్లను ఒక్కొక్కటే చూసింది. రోడ్డు ఫోటో, దాని మీద రంగు గీతలు. నెమ్మదిగా పోయే లేన్‌కి ఆకుపచ్చ, ఓవర్‌టేక్ చేసే లేన్‌కి ఎరుపు. మూడో ప్రింటు దగ్గర ఆమె వేలు ఆగింది. ఫోటో మధ్యలో చిన్న తెల్లటి బాణం ఉంది.

"ఇది రోడ్డు మీద గుర్తా?"

హాలోవే వంగి చూశాడు. "మౌస్ బాణం," అని, ఒక క్షణం ఆగి, "అయితే ఏమిటి?" అన్నాడు.

"ఏమీ లేదు. ఇవి ఏ వరసలో దొరికాయో అదే వరసలో ఉన్నాయా?"

"అదే వరస."

చైనా ఫోటోల పని చేయడానికి ఆఫీసులో ఒక అద్దాల గది ఉంది. ఫోన్లు బయట పెట్టి లోపలికి వెళ్ళాలి. కొందరికి మాత్రం ఇంటి నుంచి చేసుకోవడానికి ప్రత్యేకంగా లాప్‌టాప్‌లు ఇచ్చారు.

కిచెన్‌లో లంచ్ బాక్సులు తెరుచుకుని ఇద్దరు కూర్చున్నారు. సాత్విక అనంతపురం అమ్మాయి, ఇక్కడికి వచ్చి ఆరేళ్ళయింది. మిగతావాళ్ళు పెట్టిన గుర్తులు సరిగా ఉన్నాయో లేదో చూసి, తప్పులుంటే వెనక్కి పంపడం ఆమె పని. విష్ణు వరంగల్ వాడు, కిందటేడు వచ్చాడు. వాళ్ళ కాళ్ళ దగ్గర, చెత్తబుట్ట పక్కన, నీలం కప్పు ఇంకా అలాగే ఉంది.

"ఇది ఎవరు పెట్టారు?" అంది సుధామయి తెలుగులో.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మేం కాదు మేడమ్," అన్నాడు విష్ణు. "కానీ తీసి పైన పెడితే మాకు కూడా పేరొస్తది. నాది పీఆర్ ఫైల్ నడుస్తుంది, ఇక్కడ పర్మనెంట్‌గ ఉండనీకి. చైనా దోస్తు అని రాస్తే గయాబ్ అయిత."

"రెండేళ్ళుగా ఆవిడతో పక్కపక్కనే తింటున్నారు కదా, సాత్విక గారూ."

"తిన్నాం. సో వాట్?" సాత్విక గొంతు గట్టిపడింది. "వాళ్ళ గవర్నమెంట్ అడిగితే వాళ్ళు ఇవ్వాల్సిందే అంట. రావు అంకుల్ చెప్పారు. మీరేంటి, మనవాళ్ళని కూర్చోబెట్టి క్వశ్చన్స్ అడుగుతున్నారు?"

"అడగడానికే వచ్చానమ్మా. గుర్తుల్లో తప్పులు ఎక్కువగా వస్తాయా?"

"అప్పుడప్పుడు. లేన్స్ తిరగేసి పెడతారు. రైట్ లేన్‌కి రెడ్ వేసేస్తారు. రిటర్న్ చేస్తే సరిచేసి పంపిస్తారు. ఎవరివో నాకు పేర్లు కనపడవు. ఇంకెవరివి, వీడివే అయ్యుంటాయి."

"ఏయ్, నావి గావు," అన్నాడు విష్ణు. "నాకు ఇంటి లాప్‌టాప్ ఇయ్యనే లేదు. అద్దాల గదిల కూసుంటే నువ్వే వచ్చి నెత్తి మీద నిలబడ్తవ్ గదా, ఇంక తప్పెట్ల పోతది?"

"డ్రైవింగ్ టెస్ట్‌లో రాంగ్ సైడ్‌కి తిరిగింది ఎవరో? ఎగ్జామినర్ మేడమ్ బ్రేక్ తొక్కి కింద దిగిపోయిందంట."

"రెండు సార్లే గదా ఫెయిలైంది. స్కైట్రైన్ ఉన్నది నాకు, చాలు."

ఆ ఆఫీసులో అడుగుపెట్టాక సుధామయి మొదటిసారి నవ్వింది. "ఇంటి లాప్‌టాప్‌లు ఎవరికి ఇచ్చారు?"

"నాకు, యాన్‌కి, రావు అంకుల్‌కి," అంది సాత్విక.

* * *

వాళ్ళు రావు అంకుల్ అని పిలిచే అమరేశ్వరరావు కిటికీ పక్క బల్ల దగ్గర ఉన్నాడు. యాభై ఆరేళ్ళు, ఇస్త్రీ చొక్కా. ఊళ్ళో తెలుగువాళ్ళ పండగలకు వేదిక మీద మొదటి కుర్చీ ఆయనదే. పదేళ్ళు ఈ కంపెనీలో మేనేజర్‌గా చేశాడు. కిందటేడు మేనేజర్ల ఉద్యోగాలు తీసేసినప్పుడు ఆయన్ని మళ్ళీ గుర్తులు పెట్టే పనిలోకి దించారు. ఆయన బల్ల మీద పాత పదవి పేరున్న చెక్క ఫలకం ఇంకా ఉంది.

"ఏ ఊరమ్మా మనది?"

"తెనాలి అండి."

"మా అత్తగారిదీ అటే. చూడమ్మా, నువ్వు చెల్లెలి లాంటి దానివని చెబుతున్నా. ఇందులో తలదూర్చకు. ఆ పిల్ల సంగతి అందరికీ తెలిసిందే. ఇక్కడ ఉప్పు తింటారు, అక్కడికి చేరవేస్తారు."

"కానీ రావు గారూ, బయటపడింది అక్కడి సమాచారం, ఇక్కడిది కాదు. అక్కడిదాన్ని ఊరందరికీ చూపించి, తమ్ముణ్ణి జైలుకు పంపుకుంటే ఆమెకేం లాభం?"

"అదే వాళ్ళ తెలివి. నీకూ నాకూ అర్థం కాకుండా చేస్తారు."

"మీకు పని నేర్పిస్తానన్నానని యాన్ నాతో చెప్పింది."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "నాకా? నా కూతురి వయసు పిల్ల పక్కన కూర్చుని మౌస్ పట్టుకోవడం నేర్చుకోవాలా? ఆ పిల్ల పుట్టకముందు నుంచీ ఈ ఫీల్డ్‌లో ఉన్నాను."

"తెలుసండి. నాకూ అర్థమవుతుందని, ఒక్క ఫోటో మీద గుర్తులు పెట్టి చూపిస్తారా?"

"ఈ గోలలోనా? ఇంటికెళ్ళి తీరిగ్గా చేసి పంపిస్తాలే. నా పని ఒక్కరోజు ఆలస్యమైందేమో హాలోవేని అడుగు. అందరికంటే ముందుంటుంది." ఆయన లేచి నిలబడ్డాడు. "వీర్రాజు గారూ, పెద్దవారు, మీరైనా చెప్పండి. మనలో మనం ఇలా చేసుకుంటామా?"

వీర్రాజు గొడుగును ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "పెద్దవాణ్ణే గానండీ, నా పని కారు నడపడం," అన్నాడు.

* * *

ఆ సాయంత్రం తన ఆఫీసులో సుధామయి ప్రింట్లన్నీ నేల మీద వరసగా పరిచి, వాటి మధ్య చెప్పులు లేకుండా నడిచింది. వీర్రాజు గోడకు ఆనుకుని, టీ చల్లారబెట్టుకుంటూ చూశాడు.

"బాబాయ్ గారూ, మీరు దొంగ అయితే ఏ ఫోటోలు తీస్తారు?"

"నౌకాదళం యార్డ్ అండి. గేట్లు, కాపలా గది."

"ఒక్కటీ లేదు. ఓడరేవు రోడ్డు ఫోటో ఒకే ఒకటి ఉంది. అందులోనూ యార్డ్ గోడ దూరంగా, మంచులో కనపడీ కనపడకుండా ఉంది. ఈ వరస చూడండి. మొదట తిన్నటి రోడ్డు, తర్వాత వంపు, ఆ తర్వాత నాలుగు రోడ్ల కూడలి, వానలో కూడలి. చివరికి మంచులో రోడ్డు. ఏం గుర్తొస్తోంది?"

వీర్రాజు కప్పు కింద పెట్టాడు. "ఎక్కాల పుస్తకం అండి. తేలికవి ముందు, కష్టమైనవి వెనక."

"ఇది దొంగ మూట కట్టినట్టు లేదు. మాస్టారు పాఠం కట్టినట్టుంది. ఇక రెండోది. ఫైళ్ళు కదల్లేదని హాలోవే అన్నది నిజమే. మౌస్ బాణంతో సహా ఉన్నాయంటే ఎవరో తెరను ఫోటో తీశారు. మూడోది ఇది." ఆమె మొదటి రెండు ప్రింట్లు ఎత్తి చూపించింది. "ఎరుపు గీత ఎటు పక్క ఉంది?"

"కుడి లేన్ మీద."

"చైనాలో బండ్లు కుడి పక్కనే పోతాయి, ఇక్కడిలాగే. ఓవర్‌టేక్ చేసేది ఎడమ లేన్. ఇది గీసినవాడి చెయ్యి ఎటు పక్క పోయే దేశంలో ఉంది?"

వీర్రాజు నోరు తెరిచాడు. అలా తెరిచే ఉంచాడు.

"మీరే చెప్పారు పొద్దున, మూడు నెలల్లో చెయ్యి నేర్చుకుంటుందని. ఈ చెయ్యి ఇంకా నేర్చుకోలేదు. ఇక్కడి రోడ్డు ఎక్కని చెయ్యి."

"అయితే విష్ణు బాబేనండీ! పాపం, మంచి కుర్రాడనుకున్నాను."

"అంత తొందరొద్దు. ఇలాంటి పాఠం ఎక్కడ చెబుతారో ముందు తెలుసుకోవాలి. మీ మేనల్లుడు కిట్టు హైదరాబాద్‌లో ఏదో కోర్సు చేశాడన్నారు కదా."

"అమీర్‌పేటలోనండి. గోడల నిండా బోర్డులే. రియల్ టైమ్ ప్రాజెక్ట్, రియల్ టైమ్ ప్రాజెక్ట్ అని." ఆయన ఠక్కున ఆగాడు. "అమ్మ బాబోయ్."

హైదరాబాద్‌లో అప్పుడు పొద్దున. డ్రైవర్ లేని బండ్ల కోర్సు చెప్పే చోట్లు ఎన్నో లేవు. మూడో చోట ఫోన్ ఎత్తిన అమ్మాయి మర్యాదగా మాట్లాడింది. సుధామయి స్పీకర్ పెట్టి, మాట్లాడమని వీర్రాజుకి సైగ చేసింది.

"చెప్పండి సార్, కోర్స్ ఎవరికి?"

"మా మనవడికండి. బుర్ర లేదు గాని, కూర్చోబెడితే చేస్తాడు."

"ఏం పర్లేదు సార్, అందరూ అలాంటోళ్ళే వస్తారు. మా దగ్గర లైవ్ ప్రాజెక్ట్ సార్. బుక్కులో బొమ్మలు కాదు, ఫారిన్ రోడ్స్."

"ఫారిన్ అంటే? మీకెవరిస్తారమ్మా? మొన్న ఒకచోట ఇలాగే చెప్పి సినిమా బొమ్మలు చూపించారు."

"అయ్యో, మాది జెన్యూన్ సార్! మా తారక్ సార్ జాబ్ సపోర్ట్ చేస్తారు. అంటే ఫారిన్‌లో జాబ్ చేసేవాళ్ళకి పని రాకపోతే, సార్ ఇక్కడ కూర్చుని వాళ్ళ పని చేసిపెడతారు. కెనడా క్లయింట్ ఉన్నారు. ఆయన స్క్రీన్ ఇక్కడికి వస్తది, ఆ స్క్రీన్ మీదే మా స్టూడెంట్స్‌కి క్లాస్. ఇంతకంటే రియల్ టైమ్ ఏముంటది?"

"ఆ క్లయింట్ పేరేంటమ్మా?"

"అది చెప్పం సార్. కానీ డెమో వీడియో పంపిస్తా, మనవడికి చూపించండి."

వీడియో వచ్చింది. సుధామయి చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చివరిదాకా విన్నది. మళ్ళీ మొదటి నుంచి విన్నది. హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టినప్పుడు ఆమె మొహంలో సంతోషం ఏమీ లేదు.

"రేపు అందరినీ కూర్చోబెట్టమని హాలోవేకి చెప్పండి. యాన్ కూడా ఉండాలి," అంది.

* * *

గురువారం హెరాన్ రోడ్స్ సమావేశం గదిలో పొడవాటి బల్లకు ఒక వైపు హాలోవే, అమరేశ్వరరావు, సాత్విక, విష్ణు కూర్చున్నారు. రెండో వైపు యాన్ ఒక్కతే. ఎవరూ అలా కూర్చోమని చెప్పలేదు. వీర్రాజు ఒకసారి చూసి, వెళ్ళి యాన్ పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

సుధామయి గోడ మీది తెరపై ఒక రోడ్డు ఫోటో పెట్టింది. గుర్తులేమీ లేని, రెండు లేన్ల చైనా రోడ్డు.

"ఒక్కొక్కరే వచ్చి ఓవర్‌టేక్ చేసే లేన్ మీద వేలు పెట్టండి."

"ఇది బడా?" అన్నాడు హాలోవే.

"ఐదు నిమిషాలు బడే అనుకోండి."

యాన్ ఎడమ లేన్ మీద వేలు పెట్టింది. సాత్విక కూడా అంతే. విష్ణు నడిచి వెళ్ళి, ధైర్యంగా, కుడి లేన్ మీద వేలు పెట్టాడు.

"విష్ణూ!" అంది సాత్విక.

అతను వేలి వైపు చూసుకుని, కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు. బయటపడిన ఫోటోల్లో అదే తప్పు ఉందని హాలోవేకి అప్పుడు తట్టింది. "అయితే ఇతనే," అంటూ లేవబోయాడు. విష్ణు మొహం పాలిపోయింది. "నేను గాదు సార్, అమ్మతోడు," అని తెలుగులో అన్నాడు. ఎవరికి చెబుతున్నాడో అతనికే తెలియలేదు.

"కూర్చోండి. ఇంకొకరు మిగిలారు," అంది సుధామయి. "రావు గారూ."

అమరేశ్వరరావు కూర్చున్న చోటు నుంచే చెయ్యి చాపాడు. "ఎడమ. ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో బండి నడుపుతున్నాను. ఇది కూడా అడగాలా?"

"నాకు కావలసిన జవాబు అదే అండి."

ఆమె తెర పక్కకు వచ్చి నిలబడింది.

"విష్ణుకి తెలియదు," అంది సుధామయి ఇంగ్లీషులో, హాలోవే వైపు తిరిగి. "కానీ అతని పని అంతా ఆ అద్దాల గదిలో, సాత్విక కళ్ళ ముందు జరుగుతుంది. తప్పు చేస్తే అక్కడే దిద్దుకుంటాడు. పైగా ఆ గది నుంచి తెర ఫోటో బయటికి పోయే దారి లేదు. ఈ బొమ్మలు ఇంటి లాప్‌టాప్ నుంచి పోయాయి. ఆ లాప్‌టాప్‌లు ముగ్గురికి ఉన్నాయి. సాత్విక గుర్తులు పెట్టదు, చూస్తుంది. మిగిలింది ఇద్దరు. ఇద్దరికీ ఎడమ లేన్ సంగతి బాగా తెలుసు. తెలిసిన ఇద్దరిలో ఒకరి పేరు మీద తెలియనివాడు చేసిన పని వచ్చింది. అంటే ఆ పేరు వెనక ఇంకొకరి చెయ్యి ఉంది."

"అది యాన్ కూడా అయ్యుండొచ్చు," అన్నాడు హాలోవే.

"నేనూ అలాగే మొదలుపెట్టాను. అందుకే ఇది విన్నాను."

ఆమె వీడియో పెట్టింది. తెర మీద ఒక కుర్రాడి గొంతు, తెలుగులో, పాఠం చెబుతోంది. "చూడండి, ఇది వెట్ రోడ్. రిఫ్లెక్షన్‌ని లేన్ అనుకోవద్దు." మౌస్ బాణం తడి రోడ్డు మీద కదిలింది. వెనక ఎవరో పిల్లలు నవ్వారు. పాఠం అయిపోతుండగా, దూరం నుంచి, కెనడా వైపు నుంచి, ఇంకో గొంతు వినపడింది.

"అయిందా బాబూ? హాలోవేతో మీటింగ్ ఉంది. ఈ లేన్లు సరిగా వెయ్యి, మొన్న తిరిగొచ్చాయి. పరువు పోతోంది."

సాత్విక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. తెలుగు రాని హాలోవే కూడా తన పేరు విన్నాడు, ఆ గొంతు గుర్తుపట్టాడు. అందరి తలలూ ఒకే వైపు తిరిగాయి.

"తెరనూ గొంతునూ ఇంకో ఊరికి పంపి, మౌస్‌ను అక్కణ్ణుంచి కదపనిచ్చే చిన్న పెట్టె ఒకటి దొరుకుతుంది," అంది సుధామయి. "లాప్‌టాప్‌కి తగిలిస్తే అదొక మామూలు మానిటర్ అనుకుంటుంది. అందుకే మీ సిస్టమ్‌కి ఏమీ తెలియలేదు. రావు గారికి పని రాదు. మేనేజర్‌గా పదేళ్ళు చేసి మర్చిపోయారు. హైదరాబాద్‌లో ఒకతన్ని పెట్టుకుని తన పని చేయించారు. అతను ఈయనకు చెప్పకుండా దాన్నే క్లాసులో పాఠంగా వాడాడు. ఆ పిల్లల్లో ఎవరో నేర్చుకున్నది చూపించుకోవడానికి ఇంటర్నెట్‌లో పెట్టారు. గూఢచారులు ఎవరూ లేరు. ఇక్కడా లేరు, అక్కడా లేరు."

"నాకు తెలియదు," అన్నాడు అమరేశ్వరరావు. "వాడు క్లాసు చెబుతున్నాడని నాకు తెలియదు. ఒట్టు."

"నమ్ముతాను. కానీ ఫోటోలు బయటపడ్డ రోజు, ఆ ఎరుపు గీత కుడి పక్కన చూసినప్పుడు అవి మీ తెర నుంచే పోయాయని తెలిసింది. మీకు తెలియకుండా ఉండదు. ఆ రోజే ఈ అమ్మాయి వైపు వేలు చూపించారు."

ఆయన తెలుగులోకి మారాడు. "ఏం చెయ్యమంటావమ్మా? యాభై ఆరేళ్ళ మనిషికి పని రాదని తెలిస్తే ఒక్కరోజు ఉంచుతారా? కుర్రకుంకల ముందు చేతులు కట్టుకుని నేర్చుకోనా? నువ్వూ తెలుగుదానివే కదా. ఒక్క మాట నాతో ముందు చెబితే పోయేది కదా!"

"అక్కడ ఒక అబ్బాయి ఆదివారం నుంచి ఇంటికి రాలేదండి. మీరు ఒక్క మాట ముందు చెబితే పోయేది."

యాన్‌కి ఆ మాటలు అర్థం కాలేదు. అయినా లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. "నేర్పిస్తానన్నాను మీకు. రెండుసార్లు అడిగాను."

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

హాలోవే అప్పటికప్పుడు కాగితం తెప్పించాడు. ఫోటోలు చైనా శాఖ నుంచి కాదు, బర్నబీ నుంచి, తన లాప్‌టాప్ నుంచి పోయాయని అమరేశ్వరరావు సొంత చేతితో రాయాలి. అంతా రాసి, సంతకం దగ్గర పెన్ను ఆపాడాయన. "సంతకం పెడితే నా పని అయిపోయినట్టే," అన్నాడు. పెట్టాడు.

బయట కారిడార్‌లో సాత్విక నీలం కప్పు కడిగి తెచ్చింది. "యాన్, ఐ యామ్ సో సారీ. మాకు తెలియదు..."

"మీరు నన్ను అడగలేదు," అంది యాన్. కప్పు తీసుకుని, తడి తుడవకుండానే సంచిలో వేసుకుంది.

విష్ణు సుధామయి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. థాంక్స్ చెప్పాలో తిట్టాలో తేల్చుకోలేని మొహం. "అందరి ముందట నన్ను దొంగను జేసిన్రు మేడమ్, రెండు నిమిషాలు."

"ఆవిడ ఎన్ని రోజులుందో ఆలోచించు," అంది సుధామయి.

* * *

ఇక ఆ ఉద్యోగం వద్దనుకుని, శుక్రవారం మధ్యాహ్నం యాన్ ఆఫీసులో మిగిలిన తన సామాను తెచ్చుకోవడానికి వెళ్ళింది. వీర్రాజు తీసుకెళ్ళాడు, సుధామయి తోడు వచ్చింది. పొద్దున్నుంచీ సుధామయి ఫోన్‌కి తెలుగు సంఘం వాళ్ళ మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. మనవాణ్ణి రోడ్డున పడేశావని ఒకరు. ఉగాది కార్యక్రమానికి ఇక నీ అవసరం లేదని ఇంకొకరు. ఆమె చదివి, జవాబివ్వకుండా సంచిలో పెట్టుకుంది.

తిరిగి వస్తుంటే హైవే మీద మళ్ళీ వాన. వీర్రాజు కుడి లేన్‌లో ఒక కలప లారీ వెనక చేరాడు. వెనక సీట్లో, అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న యాన్ ఫోన్ మోగింది.

ఆమె ఎత్తింది. వాళ్ళ భాషలో ఒక మాట అంది. తర్వాత వినడమే. పెట్టె ఒళ్ళోంచి జారి పక్కకు ఒరిగింది, కప్పు మోత వినపడింది. ఆమె పట్టించుకోలేదు. ఫోన్ ఆగిపోయాక కూడా చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుంది.

వీర్రాజు అద్దంలో చూశాడు. "ఏమైందమ్మా?"

"వదిలేశారట. ఇంటికి వెళ్తున్నాడు. ఎక్కువ మాట్లాడనివ్వలేదు."

"ఏమన్నాడు?"

"తిన్నావా అని అడిగాడు." ఆమె మొహం కిటికీ వైపు తిప్పుకుంది. "తినలేదంటే కోప్పడ్డాడు. సాయంత్రం ఇంటి ఫోన్ నుంచి మళ్ళీ చేస్తాడట. నేను తిని ఉండాలట."

వైపర్లు రెండుసార్లు అటూ ఇటూ తిరిగాయి. ముందు కలప లారీ నీళ్ళు చిమ్ముకుంటూ నెమ్మదిగా పోతోంది. వీర్రాజు అద్దంలో ఒకసారి, భుజం మీదుగా ఒకసారి చూసి, సిగ్నల్ వేసి, కారును ఎడమ లేన్‌లోకి తీసుకున్నాడు.

సుధామయి ఆయన వైపు తిరిగి చూసింది. లారీ వెనకబడింది.